పేరుతో పిలవరు, ‘మన డైవర్సిటీ’ అంటారు

ఉత్తరం నాలుగు పేజీలుంది. పేరు, ఊరు వేయొద్దని కోరింది కాబట్టి ఆ రెండూ వదిలేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆ అమ్మాయిది నగరి వైపు. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు మీడియం. తండ్రి మరమగ్గాల షెడ్డులో పనిచేశాడు. మెకానికల్ డిప్లొమా చేసి, ఇరవై ఆరేళ్ల వయసులో, తిరుపతి నుంచి కంపెనీ బస్సులో గంట దూరం ఉండే ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో చేరింది. సూపర్‌వైజరుతో కలిపి షిఫ్టులో పద్నాలుగు మంది. ఆడమనిషి ఈమె ఒక్కతే. చేరిన రెండో వారంలో సూపర్‌వైజరు ‘మన డైవర్సిటీ వచ్చేసింది, ఇంగ మెషిన్లు భయపడతాయి’ అన్నాడట. అందరూ నవ్వారు, ఈమె కూడా నవ్వింది. ఎనిమిది నెలలయినా ఆ మాట పోలేదు. ఇప్పుడు టీ దగ్గర ‘డైవర్సిటీకి చక్కెర తక్కువ’ అని చెబుతున్నారు. మాటల్లో తమిళం యాస దొర్లితే దానిమీద ఇంకో జోకు.

పోస్టరు కోసం ఫొటో తీశారు. చేతికున్న గ్రీజు తుడిపించి, కొత్త హెల్మెట్ పెట్టి, చేతికొక మెరిసే స్పానర్ ఇచ్చారు. ‘ఆ సైజు స్పానర్ మా లైన్లో ఏ బోల్టుకూ పట్టదు’ అని రాసింది. ఆ ఫొటో కింద ‘మా డైవర్సిటీ, మా బలం’ అని ఉందట. వచ్చే నెల కంపెనీ ఫంక్షన్‌లో డైవర్సిటీ మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు, ఇంగ్లీషు మ్యాటర్‌ను తెలుగు చేయమన్నారు. ఈమె ‘వైవిధ్యం’ అని రాస్తే హెచ్‌ఆర్‌వాళ్లు ‘భిన్నత్వం’ బాగుంటుందన్నారు. సూపర్‌వైజరేమో ‘తెలుగెందుకు, డైవర్సిటీ అంటే ఎవరో అందరికీ తెలుసుగా’ అన్నాడు.

అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకున్నది మాత్రం ఇది కాదు. ఈమె ఇంటర్వ్యూ రోజే తనూ వచ్చి ఉద్యోగం రాని క్లాస్‌మేట్ ఒకడు ‘నీకేం, డైవర్సిటీలో కొట్టేశావు’ అని వాట్సాప్‌లో పెట్టాడు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదట. ఇంట్లో చెబితే తండ్రి ‘ఉద్యోగమిచ్చినోళ్లు ఒక మాట అంటే ఏమయిందిలేమ్మా, గమ్మునుండు’ అన్నాడు. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటి, నా ఉద్యోగం నా పనికి వచ్చిందా ఆ మాటకు వచ్చిందా, ఫంక్షన్‌లో మాట్లాడాలా వద్దా అని అడుగుతోంది.

అమ్మా,

నీ వయసు మనవరాలు మా ఇంట్లో ఉంది, అందుకని నువ్వు అనే రాస్తాను. ముందు మాట సంగతి చూద్దాం. చిత్తూరులో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఆ అలవాటు పోలేదు. అదీగాక నీ బాధలో సగం ఆ మాటను తప్పుగా వాడటంలోనే ఉందని నా అనుమానం.

‘వివిధ’ అనే మాట తీసుకో. వివిధ పూలు అంటాం, వివిధ గ్రామాల రైతులు అంటాం. ‘వివిధ పువ్వు’ అని ఎవరైనా అనగా విన్నావా? నోరు ఒప్పుకోదు. ‘విధ’ అంటే రకం, ‘వివిధ’ అంటే రకరకాలు, అందులోంచి వచ్చిందే ‘వైవిధ్యం’. ఒక్కటే ఉన్నచోట ఆ మాటకు పని లేదు. సినిమా పేజీలో ఫలానా నటుడిది వైవిధ్యం అని రాస్తారు కదా అంటావేమో, అక్కడ కూడా లెక్కలోకి వచ్చేది ఆయన వేసిన పది పాత్రలు. శేషాచలం అడవుల్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించినప్పుడు జీవవైవిధ్యం అనే మాట మన పేపర్లలో బాగా కనిపించింది. ఎర్రచందనం చెట్టు, బంగారు బల్లి, దేవాంగ పిల్లి అన్నీ కలిసి ఉన్నాయి కాబట్టి ఆ కొండలకు ఆ పేరు. బల్లి ఒక్కదాన్ని చూపించి ‘అదిగో జీవవైవిధ్యం పాకుతోంది’ అంటే ఎట్లా ఉంటుంది? మీ సూపర్‌వైజరు ఎనిమిది నెలలుగా చేస్తున్నది అదే.

నువ్వు చేరాక వైవిధ్యం వచ్చింది మీ షిఫ్టుకు, నీ ఒంటికి కాదు. వాళ్లకు నువ్వెంత వేరో నీకు వాళ్లూ అంతే వేరు. లెక్క కడితే మీ డైవర్సిటీలో మీ సూపర్‌వైజరుది కూడా పద్నాలుగో వంతు ఉంది, ఆయప్పకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఇక హెచ్‌ఆర్‌వాళ్ల ‘భిన్నత్వం’. ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని బడిలో మనందరి చేతా వ్యాసం రాయించారు కాబట్టి వాళ్లకు అదే తోచింది. తప్పు మాట కాదు. కాని ‘భిన్నం’లో విరగడం ఉంది. లెక్కల్లో భిన్నాలంటే ముక్కలు. ఛిన్నాభిన్నం అంటాం. గుడిలో విగ్రహం చెయ్యి విరిగితే అది భిన్నమైంది, పూజకు పనికిరాదు అంటారు. పైగా ‘భిన్నమైన మనిషి’ అని ఒక్కరిని పట్టుకుని అనడానికి ఆ మాట ఒప్పుకుంటుంది, ‘వివిధ’ ఒప్పుకోదు. అందుకే నువ్వు రాసిందే నాకు నచ్చింది. సభలో అది మరీ గ్రాంథికంగా ఉంటుందని భయమైతే ‘రకరకాల మనుషులు కలిసి పనిచేయడం’ అని విప్పి రాసెయ్యి, క్యాంటీన్ కుర్రాడికి కూడా అర్థమవుతుంది. ‘డైవర్సిటీ’ అనే ఉంచుతామంటే దానితో కూడా పేచీ పెట్టుకోకు. టెన్షన్, డ్యూటీ మనవైపోలేదా? మాట ఏ భాషదన్నది కాదు, దాన్ని మనిషికి తగిలించారా గుంపుకు వాడారా అన్నదొక్కటే చూడు.

ఇంగ్లీషులో కూడా దాని చరిత్ర అంత శుభ్రమైనది కాదు. లాటిన్‌లో అసలు అర్థం తలో దిక్కుకు తిరిగి ఉండటం. రోడ్డు తవ్వినచోట పెట్టే ‘డైవర్షన్’ బోర్డు, కోర్టులో ‘డైవోర్స్’ కూడా ఆ కుదురువే. ఒకప్పుడు ఇంగ్లీషులో దానికి పెడసరం, చెడ్డతనం అనే అర్థం కూడా నడిచి, తర్వాత పోయింది. మాట ఇన్ని మలుపులు తిరిగినప్పుడు, మీ టీ బల్ల దగ్గర వాడేదే చివరి అర్థమని నువ్వు ఒప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు నీ నిద్ర చెడగొట్టిన ప్రశ్న. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ఉద్యోగాలకీ సీట్లకీ ఈ మాట అంటుకోవడానికి పెద్ద కారణం 1978లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. బాకీ కేసు అంటారు. మన బాకీ కాదు, అలన్ బాకీ అనే ఆయన ఇంటిపేరు. కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ కాలేజీలో 100 సీట్లలో 16 మైనారిటీలకు కేటాయించారు, తనకు సీటు రాలేదని ఆయన కోర్టుకెక్కాడు. కోర్టు ఆ కోటాను కొట్టేసింది. కాని జస్టిస్ లూయిస్ పావెల్, తరగతిలో రకరకాల విద్యార్థులుంటే చదువుకే మేలు కాబట్టి జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చు అన్నాడు. ఆ తర్వాత కాలేజీలు, వాటి వెనకే కంపెనీలు ‘డైవర్సిటీ’ని గట్టిగా పట్టుకున్నాయి. 2023లో అదే కోర్టు అడ్మిషన్లలో ఆ దారిని దాదాపు మూసేసింది, అది వాళ్ల గొడవ.

నీకు పనికొచ్చేది ఏమిటంటే, మన రిజర్వేషన్‌కూ దీనికీ పోలిక లేదు. రిజర్వేషన్ పుట్టింది జరిగిన అన్యాయం నుంచి. రాజ్యాంగం 15, 16 అధికరణల అండ దానికి ఉంది. కంపెనీ చెప్పే డైవర్సిటీ కంపెనీ తన లాభం కోసం చేసుకునేది. రకరకాల మనుషులుంటే పని మెరుగవుతుందని, పేరు వస్తుందని, కొనేవాళ్లు అడుగుతున్నారని పెట్టుకుంటుంది. నీకు దయ చూపించారనుకోవడానికి అందులో ఏమీ లేదు. మీ నాన్న మాట నేను తీసెయ్యను, మగ్గాల షెడ్డులో ఆయన ఎన్ని మింగి నిన్ను చదివించాడో నాకు తెలియదు. కాని వాళ్లు ఉద్యోగం ‘ఇచ్చారు’ అన్నంతగానే నువ్వు పని ‘ఇస్తున్నావు’. లెక్క రెండు వైపులా ఉంది.

ఇంటర్వ్యూలో నీ పేరు ముందుకు రావడానికి ఆడపిల్లవన్న సంగతి కొంత పనిచేసిందా? చేసి ఉండొచ్చు. నిన్ను ఊరడించడానికి ‘అబ్బే, లేదు’ అని నేను చెప్పను. కాని ఇంకో సంగతి కూడా చూడు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లు పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు లోపలే పనిచేయాలంది. ప్రభుత్వాలు వేళలు సడలించుకున్నా రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా వద్దే వద్దంది. వాళ్ల మేలుకే అని రాశారు. మూడు షిఫ్టులు తిరిగే మెయింటెనెన్స్‌లోకి ఇక ఆడపిల్లను ఎవరు తీసుకుంటారు? మీ షిఫ్టు లాంటి చోట్లు ఏళ్ల తరబడి మగవాళ్లతోనే నిండింది మెరిట్ ఒక్కదానితో కాదమ్మా, సగం మంది గేటు దాకా రాకుండా ఆగిపోవడంతో కూడా. వాళ్లనెవరూ ‘మీది చట్టం పుణ్యాన వచ్చిన ఉద్యోగం’ అనలేదు.

ఆ క్లాస్‌మేట్‌కు ఏం చెప్పాలో నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. వాడికి ఉద్యోగం రాలేదు, ఆ కడుపుమంట నిజం. నిన్ను అన్న మాట తప్పు. నీ మార్కుల చీటీ వాడికి పంపి రుజువు చేసుకునే పని మాత్రం పెట్టుకోకు, దానికి అంతుండదు. స్నేహం ఉంచుకోదగ్గదైతే ఒకసారి ఫోన్ చేసి, ‘నువ్వన్నది నాకు బాధేసింది’ అని చెప్పి చూడు. సిగ్గుపడితే సరే. వాదనకు దిగితే ఆ గ్రూపులో కొన్నాళ్లు మౌనంగా ఉండు.

సూపర్‌వైజరు విషయంలో ఒక సంగతి ఒప్పుకోవాలి నేను. నా ఉద్యోగం కొత్తలో కుప్పం వైపు నుంచి ఒక పిల్ల మా క్లాసుకు వచ్చింది. ఇంట్లో తమిళం. పద్యం చదివిస్తే ‘భారతం’ బదులు ‘పారతం’ అంది. నేను నవ్వి ‘ఇది అరవ భారతమమ్మా’ అన్నాను. ఒక్కసారే అన్నాను. రెండేళ్లు క్లాసంతా ఆ పిల్లను ‘పారతం’ అని పిలిచారని ఫేర్‌వెల్ రోజు ఇంకో పిల్ల చెబితే తెలిసింది. అప్పటికి ఆ పిల్ల నా క్లాసులో నోరు తెరిచి చదవడం మానేసి చాలా కాలమైంది, నేనేమో సిగ్గరి అనుకున్నాను. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియాలి. 1911లో ఈ జిల్లా చేసిందే ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని, కడప నుంచి కొన్ని తాలూకాలు కలిపి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. గీత అటు జరిగినా ఇటు జరిగినా ఇళ్లల్లో మాట మారలేదు. మన సంగటి, మన ‘గమ్మునుండు’, మన ‘ఇంగ’ అన్నీ సరిహద్దుకు రెండు వైపులా వినిపించేవే. అట్లాంటి ఊళ్లో కూర్చుని నేను ఒక పిల్ల యాసకు నవ్వాను.

ఇదెందుకు చెప్పానంటే, మీ సూపర్‌వైజరు దుర్మార్గుడే కానక్కర్లేదు. తనన్న మాట ఎంత దూరం పోయిందో ఆయనకు తెలియకపోవచ్చు. తెలిసీ అంటూ ఉండొచ్చు కూడా. ఏదో తేలాలంటే ఒకసారి చెప్పాలి. టీ దగ్గర నలుగురిలో వద్దు, అక్కడ ఆయన పరువు అడ్డం వస్తుంది. షిఫ్టు అప్పగించేటప్పుడు ఒంటరిగా దొరికితే, ‘సార్, నన్ను పేరుతో పిలవండి, డైవర్సిటీ అనొద్దు, బాగుండటం లేదు’ అను. సంజాయిషీ ఇవ్వకు, కోపం చూపించకు. మానేస్తే మంచిదే. నాలుగు రోజులు ‘ఓహో, పేరు పెట్టి పిలవాలంట’ అని ఎగతాళి చేయొచ్చు, దానికి సిద్ధపడి ఉండు.

జోకుకు జోకు వేయడం కూడా ఒక దారి, ‘మీరూ డైవర్సిటీలో మెంబరే సార్’ అని. నీకు అంత వాటమైన నోరుంటే పనిచేస్తుంది. కాకపోతే ఆట నడుస్తోందని ఆయన అనుకుంటాడు, రేపు నీకు బాధేసిందంటే ‘నువ్వూ అన్నావుగా’ అంటాడు. అందుకని నేనైతే ఆ దారి పట్టను.

చెప్పినా మానకపోతే తేదీలు, అన్న మాటలు ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకుని హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. డైవర్సిటీ పోస్టరు వేసినవాళ్లు దాన్ని పక్కన పడేయడం కష్టం. కాని షిఫ్టులు, సెలవులు ఆయన చేతిలో ఉన్నాయి కాబట్టి కొన్నాళ్లు ఇబ్బంది పడే అవకాశం ఉంది. ప్రొబేషన్ పూర్తి కాలేదేమో చూసుకుని, ఆ తర్వాతే కదలడం తెలివి. మాటలు నీ శరీరం మీదికో బట్టల మీదికో మళ్లితే మాత్రం ఆగొద్దు. పనిచేసేచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, నేరుగా అక్కడికే వెళ్లు. నువ్వు రాసినంతలో విషయం అంతదాకా రాలేదు.

ఫంక్షన్ విషయానికొస్తే, మాట్లాడనని చెప్పే హక్కు నీకుంది. ‘స్టేజి అలవాటు లేదు’ అంటే ఎవరూ బలవంతం చేయరు. అయితే ఆ ఐదు నిమిషాలు ఇంకెవరో నీ గురించి మాట్లాడతారు, వెనక తెర మీద ఆ మెరిసే స్పానర్ ఫొటో ఉంటుంది. వాళ్లిచ్చిన కాగితం చదివేసి దిగిపోతే చప్పట్లు పడతాయి, గొడవ ఉండదు, ఆ పేరు మాత్రం నీ నోటితోనే ఖాయమవుతుంది.

ఇంకోటుంది. నాలుగు పేజీల ఉత్తరంలో నువ్వు హుషారుగా రాసింది ఒక్కచోటే, మూడో పేజీలో. కన్వేయర్ గేర్‌బాక్సులో ఏదో గరగర వస్తోందని, మోటారు మార్చాలని అందరూ అంటుంటే నువ్వు స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నావు. చప్పుడు మోటారుది కాదు, అవతలి వైపు బేరింగ్‌ది అన్నావు. విప్పితే అదే. ఈ విద్య నీకు నేర్పింది మీ షిఫ్టులో రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఒక పెద్దాయన అని కూడా రాశావు. స్టేజి మీద అది చెప్పు. ఆయన దగ్గర నేర్చుకున్నానని చెప్పు. ఆయన చెవి, నీ చెవి, ఇంకొకరి చెయ్యి కలిస్తే లైన్ నడిచిందని చెబితే అదే వైవిధ్యం, ఇక నిర్వచనం వెతుక్కోనక్కర్లేదు. పోలిక కావాలంటే పాలికల్లో చల్లే నవధాన్యాలు ఉన్నాయి. వడ్లు, కందులు, పెసలు, నువ్వులు అన్నీ పడితేనే ఆ పేరు, నువ్వులు ఒక్కటే పోసి నవధాన్యాలంటే పురోహితుడు ఊరుకోడు. ఇట్లా మాట్లాడితే హెచ్‌ఆర్‌కు కాస్త రుచించకపోవచ్చు, వాళ్లు అనుకున్న ప్రసంగం ఇది కాదు. ముందే కాగితం చూపించు, కంపెనీ పాలసీ గురించి ఒక వాక్యం కావాలంటే చేర్చు. పోస్టరు మళ్లీ వేసే వీలుంటే పద్నాలుగు మందినీ మెషిన్ పక్కన నిలబెట్టి తీయమను, ఒక్క మనిషితో ఆ మాట ఫొటోకు రాదు. కుదరదంటే కనీసం నీ పనిముట్టు నువ్వే తీసుకెళ్లు.

చివర్లో చిన్న అక్షరాలతో ఒకటి అడిగావు. పోస్టరు ప్రూఫులో ‘వైవిద్యం’ అని పడిందని, చెబితే ‘అరవమ్మాయి మాకు తెలుగు నేర్పుతోంది’ అంటారేమోనని. అది ‘ధ’, కింద చిన్న గీత ఒకటి పడలేదు. ప్రూఫు అంతమంది తెలుగువాళ్ల చేతులు మారినా పట్టుకున్నది నువ్వే. ఆ ‘ద’ చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, పక్కన నీ సంతకం పెట్టి పంపించు.